మూడో నంబరు

మా బావ పళ్ళు కడతాడు. పళ్ళ డాక్టరు కాదు. డాక్టర్లు అచ్చు తీసి పంపితే కట్టుడుపళ్ళ సెట్లు చేసిచ్చే మనిషి. మా వీధిలో సగంమంది నవ్వులు ఆయన చేతిలో తయారైనవేనని మా అక్క గొప్పగా చెప్పుకుంటుంది. మైనం, ప్లాస్టరు, సూదిమొనంత పనిముట్లు, నలభై ఏళ్ళ అలవాటు. అలాంటి చేతులు కాబట్టే ఆయన కట్టిన బొమ్మ విమానాలు బొమ్మల్లా ఉండవు.

నేను కారు డ్రైవింగ్ నేర్పుతాను. రోజంతా పక్క సీట్లో కూర్చుని, "కదిలించే ముందు అద్దం చూడు, వెనక్కి చూడు, గేరు చూడు" అని అరుస్తూ ఉంటాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పాట. ఇది ముందే ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది, తెలిశాక నన్ను తిట్టుకోవచ్చు.

కట్టేది బావ, ఎగరేసేది నేను. ఎడమ కంటికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆయనకి దూరం అంచనా పోయింది. ఆకాశంలో ఉన్న విమానం వస్తోందో పోతోందో పోల్చుకోలేడు. నాకు కళ్ళున్నాయి, చేతిలో ఒడుపుంది, ఓపిక మాత్రం లేదు. ఆయన దగ్గర ఉన్నదంతా ఓపికే.

ఈ విమానానికి నాలుగేళ్ళు పట్టింది. వందేళ్ళ కిందటి జంట రెక్కల విమానం. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, మధ్యలో నిలువు కర్రలు, వాటికి అడ్డంగా బిగించిన తీగలు. కొలతలన్నీ అసలుదానిలో సరిగ్గా ఆరో వంతు. రెక్క లోపలి పక్కటెముకల్ని ఒక్కొక్కటిగా బాల్సా అనే తేలిక చెక్కలోంచి బ్లేడుతో కోశాడు. పైన గుడ్డ అతికించి, అసలు విమానానికి కుట్లు ఎక్కడుంటాయో అక్కడే దారంతో కుట్లు వేశాడు. అంత పైకి వెళ్ళాక ఎవరు చూస్తారు బావా అంటే, "నేను వేశానని నాకు తెలుసుగా" అన్నాడు. సీట్లో జేబులో పట్టేంత పైలట్‌ని కూర్చోబెట్టాడు. వాడు నోరు కాస్త తెరిచి నవ్వుతుంటాడు, లోపల పళ్ళుంటాయి. గులాబీ రంగు చిగుళ్ళు కూడా పెట్టాడు మహానుభావుడు. మా అక్క వాణ్ణి చూసి, "నా పన్ను కదులుతోందని ఏడాదిగా మొత్తుకుంటున్నా దిక్కులేదు, వీడికి మాత్రం పూర్తి సెట్టా!" అని మండిపడింది.

ఊరి చివర పాత ఇటుక బట్టీ పక్కన ఒక మైదానముంది. ఆదివారాలు మేం పదిమందిమి అక్కడ చేరతాం. మాలో పెద్దవాడు ఒక రిటైరైన పోస్ట్‌మాన్. ఆయన పెట్టిన రూలు ఒకటుంది. విమానం రెక్కల చివర పైకీ కిందికీ ఆడే పలకలుంటాయి. పక్కకి ఒరగాలంటే అవే కదలాలి. మేం వాటిని చెవులంటాం. ఎగరేసే ముందు ఒకడు తోక వెనక నిలబడాలి. రిమోట్ పట్టుకున్నవాడు దాని మీది పుల్లని కుడికి తోస్తే, వెనకున్నవాడు కుడి చెవి పైకి లేచిందో లేదో చూసి "కుడి" అని అరవాలి. తర్వాత "ఎడమ". దీనికి చెవులు చూడటమని పేరు. పట్టేది పది సెకన్లు.

మొదటిసారి ఎగరేసే ఆదివారం రానే వచ్చింది. రెక్కలతో సహా కార్లో పట్టదు కాబట్టి విడదీసి తెచ్చాం. బావ తుండుగుడ్డ పరుచుకుని గంటసేపు బిగిస్తూ కూర్చున్నాడు. విమానం కడుపులో ఒక చిన్న మోటారుకి తక్కెడ కాడలాంటి చేయి ఉంటుంది. దాని రెండు చివర్లకి రెండు కడ్డీలు తగిలిస్తే అవి చెవుల్ని ఆడిస్తాయి. తారుమారు కాకుండా ఒక కడ్డీకీ అది తగిలించే చివరకీ పసుపు చుక్క, రెండో జతకి ఎర్ర చుక్క పెట్టుకున్నాడు.

ఆ గంటలో నేనేం చేశాను? నా పాత విమానాన్ని గాల్లోకి లేపి పల్టీలు కొట్టించాను. కొత్తగా చేరినవాళ్ళు ముగ్గురు నోరెళ్ళబెట్టి చూస్తుంటే ఇంకో రెండు కొట్టించాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నా రిమోట్ పన్నెండు విమానాల లెక్కలు గుర్తుపెట్టుకుంటుంది, ఒక్కోదానికి ఒక్కో నంబరు. నా పాత విమానం మూడు. బావది ఏడు. విమానం మార్చినప్పుడల్లా నంబరు మార్చాలి. మార్చకపోయినా ఆ పాత రిమోట్ ఏమీ అనదు. విమానం మాట వింటూనే ఉంటుంది, కాకపోతే తిరకాసుగా వింటుంది, కుడి అంటే ఎడమకి పోవచ్చు.

బావ లేచి, మోకాళ్ళు దులుపుకుని, తోక వెనక్కి వెళ్ళబోతూ, "చెవులు చూద్దామా?" అన్నాడు.

"పొద్దున ఇంట్లో చూశాం కదా బావా. గాలి లేచేలోపు లేపేద్దాం."

నలుగురి చూపూ నా మీదుంది. బావ "సరే, నీ ఇష్టం" అని పక్కకి జరిగాడు. పోస్ట్‌మాన్ ఏదో అనబోయాడు. నేను పంకా తిప్పేశాను.

తోక లేచింది, చక్రాలు గడ్డిని వదిలాయి. "లేచిందిరా!" అని బావ చిన్నపిల్లాడిలా అరిచాడు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. విమానం కొంచెం ఎడమకి ఒరిగింది. పుల్ల కుడికి తోశాను. ఇంకా ఎడమకి ఒరిగింది. ఇంకా తోశాను. నేను ఎంత తోస్తే అంత ఒరిగి, పైరెక్క కిందికొచ్చి, బట్టీ గోడ ముందు నేలకి కొట్టుకుంది. బుట్ట మీద ఎవరో కాలేసినట్టు చప్పుడు. అంతా కలిపి నాలుగు సెకన్లు.

బావ పరుగెత్తాడు. నేను రిమోట్ ఆపబోతూ తెర చూశాను. 3 అని ఉంది. మీట నొక్కాను, తెర నల్లబడింది. నేను తప్ప ఎవరూ చూడలేదు.

నేను వెళ్ళేసరికి బావ ముక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మోటారు చేయి విరిగి ఎటో ఎగిరిపోయింది, కడ్డీలు విడిపోయాయి. ఏది దేనికి తగిలించి ఉందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

"ఏమైందిరా?" అన్నాడు.

"కుడికి తోస్తే ఎడమకి పోయింది బావా."

అక్షరం అబద్ధం లేదు అందులో. దానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను. అబద్ధమాడినా ఇంత నీచంగా ఉండేది కాదు.

ఆయన రెండు కడ్డీల వంకా చూసి, "తిరగేసి తగిలించానన్నమాట" అన్నాడు. "చెవులు చూడాల్సింది" అని పోస్ట్‌మాన్ నా వైపు ఎర్రగా చూస్తే, నా తరఫున కూడా బావే మాట్లాడాడు. "వాణ్ణేం అనకండి. పొద్దున బాగానే ఉంది. ఇక్కడికొచ్చాక చెడగొట్టింది నేనే." నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇంటికెళ్ళేటప్పుడు కార్లో చెబుదామనుకున్నాను. బావ పక్క సీట్లో, పైలట్ తలకాయ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు పన్ను ఒకటి ఊడిపోయింది. అది చూసి గేరు మార్చాను. అద్దం చూడమని లోకానికి చెప్పేవాణ్ణి, ఆ దారంతా అద్దంలోకి చూడటానికి మొహం చెల్లలేదు.

రేపు చెబుదాం, ఆదివారం చెబుదాం, ఆయన కాస్త తేరుకున్నాక చెబుదాం. ఇలా ఐదు వారాలు నెట్టాను. మనసుకి సర్దిచెప్పుకోవడంలో నేను బాగా దిట్ట. విమానం ఎలాగూ పోయింది, ఇప్పుడు చెబితే తిరిగొస్తుందా అని వాదించుకున్నాను. పోయింది విమానం ఒక్కటే అనుకున్నాను మరి.

ఐదో వారంలో అక్క మా డ్రైవింగ్ స్కూలుకి వచ్చింది. ఇంట్లో చెప్పకుండా వచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది.

"మీ బావ మనిషి మనిషిలా లేడురా. అన్నం మధ్యలో లేచి గ్యాసు కట్టేశానా అని చూసొస్తాడు. మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేస్తాడు. సొరుగులన్నిటికీ చీటీలు అంటించాడు. ఏ సెట్టు ఏ డాక్టరుదో నలభై ఏళ్ళు నోటిమీద చెప్పిన మనిషి."

"వయసు కదక్కా" అన్నాను.

"వాళ్ళ నాన్నకి అరవై రెండులో మొదలైంది. చివరికి మా అత్తగార్ని పట్టుకుని 'ఎవరమ్మా నువ్వు' అనేవాడు. ఈయనకి అరవై ఒకటి. ఈ నెలతో పని ఆపేస్తున్నానని డాక్టర్లందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. ఎందుకయ్యా అంటే, 'కడ్డీ తిరగేసి పెట్టినవాణ్ణి, మనుషుల నోళ్ళలో ఏం పెడతానో ఎవడికి తెలుసు' అంటాడు. గురువారం బుర్ర డాక్టరు దగ్గరికి వెళ్తాడట. నేను వస్తానంటే వద్దన్నాడు. నువ్వు తోడెళ్ళరా. నువ్వంటే ఆయనకి నమ్మకం."

అప్పుడైనా చెప్పొచ్చు. తల ఊపాను, అంతే.

గురువారం ఆస్పత్రిలో గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా కౌంటరు, కౌంటరులో అమ్మాయి, ఆ అమ్మాయి వెనక ఫైళ్ళు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఒళ్ళో రెండు చేతులూ బోర్లించి కూర్చున్నాడు. మా ముందు ఇంకా ఇద్దరున్నారు.

"ఒకటి చెప్తా విను" అన్నాడు మెల్లగా. "డాక్టరుకి కూడా ఇదే చెప్తాను. ఆ రోజు కింద తుండుగుడ్డ పరిచాను. కింది రెక్క ముందు బిగించాను. పసుపు కడ్డీ పసుపు చివరకి తగిలించాను, వేలితో లాగి చూశాను. ఎర్రది ఎర్రదానికి. అప్పుడే నువ్వు పల్టీ కొట్టించావు, జనం చప్పట్లు కొట్టారు, నేను తలెత్తి చూసి, మళ్ళీ వంగి ఇంకోసారి లాగి చూశాను. అంతా కళ్ళకి కట్టినట్టు ఉంది."

"బావా..."

"మర్చిపోతే భయం లేదురా. వయసనుకుంటాం. ఇది అది కాదు. జరగనిది జరిగినట్టు గుర్తుంటోంది నాకు. మా నాన్న కూడా ఇలాగే, ఒట్టేసి మరీ చెప్పేవాడు."



"జరిగింది బావా" అన్నాను. "నువ్వు సరిగ్గానే తగిలించావు. రిమోట్‌లో నంబరు మార్చలేదు నేను. మూడులోనే ఉంది. చెవులు చూద్దామని నువ్వన్నావు, నేనే వద్దన్నాను."

బావ నా వైపు తిరగలేదు.

"నంబరు ఎప్పుడు చూసుకున్నావు?"

"అప్పుడే. నువ్వు పరుగెత్తుతుంటే."

"అప్పుడే" అన్నాడు. చేతులు వెల్లకిలా తిప్పి చూసుకున్నాడు. "విమానం పోతే మళ్ళీ కట్టుకుంటానురా. అది కాదు. ఈ ఐదు వారాలూ పడుకునే ముందు మీ అక్క పేరు రెండుసార్లు అనుకుని పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఉంటుందో ఉండదో అని. తెలుసా నీకు?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవడానికి కూడా అర్హత లేనివాణ్ణి కాబట్టి తల వంచుకున్నాను. కౌంటరు అమ్మాయి ఆయన నంబరు పిలిచింది. బావ లేచాడు.

"ఇంకెందుకు బావా, ఇంటికెళ్ళిపోదాం. నీకేం లేదు కదా."

"నువ్వు చెప్పావని వెళ్ళిపోనా?" అని లోపలికి వెళ్ళాడు.

ఏమీ లేదన్నారు. అడిగిన ముప్పై ప్రశ్నలకీ తప్పు లేకుండా చెప్పాడట. ఆ సాయంత్రమే సొరుగుల మీద చీటీలు పీకేసి, డాక్టర్లకి మళ్ళీ ఫోన్లు చేశాడు. అక్కకి నేనే చెప్పాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. మంచినీళ్ళ గ్లాసు నా ముందు నుంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆదివారం మైదానంలో పదిమందినీ పోగేసి చెప్పాను. పోస్ట్‌మాన్ అంతా విని, "ఐదు వారాలా!" అన్నాడు. అందరూ అక్కడే ఆగిపోతున్నారు.

బావ మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఏడాదిన్నరలో విమానం మళ్ళీ కట్టాడు. అవే కొలతలు, అవే కుట్లు, అదే పైలట్, ఊడిన పన్ను స్థానంలో కొత్త పన్ను. ఎగరేయడానికి పోస్ట్‌మాన్‌ని అడిగాడు. అది న్యాయమే. నేను దూరంగా కారు దగ్గర నిలబడి ఉంటే, బిగించడం పూర్తయ్యాక తలెత్తి నన్ను పిలిచాడు.

"ఒరేయ్, ఇలా రా. తోక వెనక నిలబడు."

గబగబా వెళ్ళాను. చెవులు చూసే పని నాకిచ్చాడు! ఏడాదిన్నరగా గుండెల మీద ఉన్న బరువు సగం దిగినట్టయింది.

పోస్ట్‌మాన్ పుల్ల కుడికి తోశాడు. కుడి చెవి పైకి లేచింది. "కుడి!" అని మైదానమంతా వినపడేలా అరిచాను.

పోస్ట్‌మాన్ నా వైపు చూడలేదు. బావ వైపు చూశాడు. బావ మెల్లగా నడిచొచ్చి, నా పక్కన మోకాలి మీద వంగి, ఉన్న ఒక్క మంచి కంటితో ఆ చెవిని చూసుకున్నాడు. చూసి, "ఆ, కుడే" అన్నాడు.

పోస్ట్‌మాన్ పుల్ల ఎడమకి తోశాడు.

"ఎడమ" అన్నాను, ఈసారి నెమ్మదిగా. బావ లేవలేదు. వంగినవాడు వంగినట్టే ఉండి, దాన్ని కూడా చూసుకున్నాడు.