టైలరుగారి వేలికి కారణం

టైలరుగారి కోడలు బంగారంలాంటి మామగారి వేలు చచ్చిపోయిందని ఆఫీసులో కూచుని రాసేసిందట. ఈ మాట పక్కింటావిడ పాలవాడితో అన్నదట. పాలవాడు దాన్ని పాలతోపాటు ఇంటింటికీ పోసుకుంటూ పోయాడు. వీధి చివరికి చేరేసరికి చచ్చింది వేలు కాదు, చెయ్యి. రాసింది కూడా కావాలని, కోపంకొద్దీ.

నిజానికి కోడలు ఏమీ రాయలేదు. వేలి సంగతి మాత్రం నిజమే. కుడిచేతి నడిమివేలు కొన్నాళ్ళుగా కత్తెర కన్నంలో దూరితే చాలు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. లోపల ఎముకకు రక్తం అందక కొంతమేర చచ్చిపోయిందని డాక్టరు ఫొటోలు తీయించి తేల్చాడు. వేలు తీయనక్కర్లేదు గానీ, మిగతా ఎముకలు దక్కాలంటే ఇలా ఎందుకయిందో తెలియాలన్నాడు.

కోడలు చేసే పని మెడికల్ కోడింగ్. ఆస్పత్రి కాగితాలు చదివి ఒక్కో జబ్బుకు ఒక్కో నంబరు వేయాలి. సొంత మామగారి కాగితాలు తన ముందుకొస్తే ముట్టుకోకూడదు గనక, ఆయన ఫైలు వేరేవాళ్ళకు ఇమ్మని ముందే చెప్పి పక్కకు తప్పుకుంది.

ఆ ఉద్యోగంలో ఆమెకు రెండు విషయాలు నూరిపోశారు. డాక్టరు రాయనిది నువ్వు రాయకూడదు, కళ్ళెదుట కనబడుతున్నా సరే. అనుమానం వస్తే డాక్టరునే అడగాలి, అయితే ప్రశ్నలోనే జవాబు పెట్టి అందించకూడదు. "కుడి చెయ్యే కదండీ" అంటే తప్పు. "ఏ చెయ్యో తెలియజేయగలరు" అంటే ఒప్పు. ఈ అలవాటు ఆమెతోపాటు ఇంటికీ వచ్చేసింది. కూరలో ఉప్పెక్కువైందా అని మొగుణ్ణి అడగదు. కూర ఎలా ఉందో నీ మాటల్లో చెప్పు అంటుంది. పాపం, అతను కంచం ముందు పరీక్షకు కూచున్నట్టు కూచునేవాడు.

తన వేలికి ఏ నంబరిస్తారని టైలరుగారు ఒకరోజు ముచ్చటపడి అడిగాడు. ఆమె అది అందరికీ ఉండే లెక్కేనని చెప్పింది. కుడో ఎడమో తెలిస్తే చాలట, ఏ వేలయినా నంబరు ఒకటేనట. ఆయనకు తల తీసేసినట్టయింది. నడిమివేలూ చిటికెనవేలూ ఒకటే అనుకునేవాళ్ళు చొక్కా కుడితే చేతులు మోకాళ్ళ దాకా వస్తాయని సాయంత్రం దాకా గొణుగుతూనే ఉన్నాడు.

ఆస్పత్రి నుంచి తెచ్చిన చీటీలో "కారణం తెలియదు" అని ఉంది. కోడలి మనసు అక్కడ చిక్కుకుంది. ఎందుకంటే కారణం ఆమెకు తెలుసు. సుద్దముక్కల డబ్బాలో అడుగున మాత్రల అట్టలుంటాయి. కీళ్ళు వాచినప్పుడు మందుల కొట్టువాడు ఇచ్చినవి. మొదట్లో మిషనుకు నూనె వేసినట్టు పనిచేశాయి గనక టైలరుగారు వాటిని వదల్లేదు. బలం మాత్రలని పేరు కూడా ఆయనే పెట్టుకున్నాడు. అట్టమీద పేరు చదివితే అవి స్టెరాయిడ్లు. ఏళ్ళ తరబడి మింగితే ఎముకల్ని తినేసే రకం.

ఊరుకోలేక ఆయన టీ తాగుతుంటే పక్కన కూచుని, ఏ జవాబువైపూ మొగ్గకుండా ఆఫీసు పద్ధతిలోనే అడిగింది.

"మామయ్యా, మీ వేలు ఇలా కావడానికి కారణం ఏమై ఉండొచ్చు? దెబ్బ తగలడమా, ఏదైనా మందా, మరొకటా, తెలియదా?"

టైలరుగారు తాపీగా గ్లాసు దించాడు. "ఆఖరిది."

అత్తగారు వంటింట్లోంచే విని, అంత మర్యాదగా అడిగితే దొంగ కూడా దొంగనని ఒప్పుకోడని కోడల్ని దులిపేసింది. ఈసారి ఆస్పత్రికి తోడు నువ్వే వెళ్ళు, నీ నోటికి అక్కడైనా పని చెప్పు అంది.

ఆస్పత్రి గదిలో టైలరుగారు ముందు డాక్టరు చొక్కాకు భుజం దగ్గర కుట్టు జారిందని చెప్పాడు. డాక్టరు భుజం చూసుకుని నవ్వి, ఏమైనా మందులు వాడుతున్నారా అని మళ్ళీ అడిగాడు. ఏమీ లేవని టైలరుగారు గోడమీది ఎముకల బొమ్మవైపు తిరిగాడు.

కోడలు గొంతు సవరించుకుంది. "డాక్టరుగారూ, కారణం విషయంలో మరికొంత స్పష్టత..."

"కోడింగ్ ఆఫీసులో చేస్తావా? అక్కణ్ణుంచి నాకు రోజూ ఇవే ముక్కలొస్తాయమ్మా. నీకేమైనా తెలిస్తే చెప్పు."

"నేను చెప్పకూడదండీ."

"ఎందుకని? ఇప్పుడు నువ్వు ఆఫీసులో లేవుగా. ఈయనకి ఏమవుతావు?"

"కోడల్ని."

"మరింకేం?"

ఆమె అత్తగారిని తలుచుకుని గబగబా చెప్పేసింది. స్టెరాయిడ్ మాత్రలు, చీటీ లేకుండా, చాలా ఏళ్ళుగా. చెబుతుండగానే "తెలియదు" నంబరు చెరిగి "మందువల్ల" నంబరు పడడం, దాని వెనకాల మందుకు విడిగా ఇంకో నంబరు తగలడం ఆమె కళ్ళముందు కదిలాయి. కాస్త సంతోషం కూడా కలిగింది. వెంటనే సిగ్గుపడింది. టైలరుగారు ఖరీదైన గుడ్డను తప్పు కొలతకు కత్తిరించినవాడిలా ఆమె వంక చూశాడు.

డాక్టరు అన్నీ రాసుకున్నాడు. ఒక్కసారిగా ఆపితే ప్రమాదమనీ, తను చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలనీ, లేకపోతే రేపు తుంటి ఎముక కూడా ఇదే దారి పడుతుందనీ నిదానంగా వివరించాడు. కొన్నాళ్ళు నొప్పులు తిరగబెడతాయి, కత్తెర పక్కన పెట్టాలన్నాడు. కారణం దొరకడం మీ అదృష్టం అని కూడా అన్నాడు.

టైలరుగారు వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"మీ కారణం మీకు దొరికింది. ఆ మాత్రలు లేకుండా పొద్దున లేస్తే నా పిడికిలి విప్పుకోదు. గుడ్డ కత్తిరించేదెవరు, మీరా?"