ఆకుపచ్చ నీలమయ్యే లోపు

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే నీలక్క చేసే మొదటి పని తొట్టి మూత ఎత్తి వాసన చూడడం. నీలిమందు తొట్టి అంటే పసిపిల్లతో సమానం, ఒక పూట పట్టించుకోకపోతే మొహం మాడ్చుకుంటుంది. పైన రాగిరంగు నురగ, కింద పచ్చగా పసుపు తిరిగిన నీళ్ళు ఉంటే ఆ రోజు పని సాగినట్టే. లేకపోతే కాస్త తవుడు, కాస్త సున్నం వేసి, బతిమాలి, ఇంకో రోజు ఆగాలి. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేతులు మోచేతుల దాకా నీలంగానే ఉన్నాయి. అసలు పేరేమిటో వీధిలో ఎవరికీ గుర్తులేదు.

తొట్టిలో మునిగిన గుడ్డ బయటికి వచ్చేటప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాక మెల్లగా నీలమవుతుంది. ఆ మధ్యలో, ఒక టీ తాగేంత సేపు, ఏ చేలో పండిన దూదితో ఆ గుడ్డ నేశారో ఆ చేను దాని మీద కనిపిస్తుంది. ఇందులో ఎవరికీ వింత లేదు. షెడ్డులో గుడ్డలు ఉతికే పెద్దావిడైతే విసుక్కుంటుంది కూడా. "ఈ చేలో మేకలు పడ్డాయి, అవి మేసి పోయేదాకా ఆరెయ్యడానికి లేదు" అంటుంది. నూలు కొనేవాళ్ళు భూమి మంచీ చెడ్డా తెలుసుకోవాలంటే ఒక ముక్క తెచ్చి ముంచించుకుని, చూసుకుని, తాగిన గ్లాసు కడిగిపెట్టి వెళ్ళిపోతారు.

ఆరేళ్ళ కిందట నీలక్క తమ్ముడు తన చేలో దూదితో నేయించిన గుడ్డ మోసుకొచ్చాడు. బస్తాలకు బస్తాలు ఎరువు గుమ్మరించి, మందులు కొట్టి కొట్టి పండించిన దూది అది. గుడ్డ మీద తెల్లగా పొక్కులు లేచి పగుళ్ళిచ్చిన నేల కనిపించింది. ఒక్క వానపాము లేదు, ఒక్క పిట్ట లేదు. షెడ్డు నిండా జనం ఉన్నారు. అయినా నీలక్క నోరు ఊరుకోలేదు.

"నీ చేను చచ్చిపోయిందిరా" అంది.

తమ్ముడు ఆ తడిగుడ్డను అలాగే భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మొండితనంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు, ఒకే తల్లి పాలు తాగారు మరి. ఆ తర్వాత మాటల్లేవు.

ఆరేళ్ళ తర్వాత ఒక పొద్దున షెడ్డుకి కెమెరా పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఆమెను పంపింది ఒక బట్టల కంపెనీ. దూది పండిస్తూనే నేలకు మళ్ళీ ప్రాణం పోస్తున్న రైతుల గురించి బొమ్మలతో కథ చెప్పడం ఆమె పని. ఐదు చేలు తిరిగి, వీడియోలు తీసి, ఒక్కో చేలో దూదితో నేసిన ముక్కను ఒక్కోటి వెంట తెచ్చింది. ఏ ముక్క ఎవరిదో రాసిన చీటీలు దారంతో కట్టి ఉన్నాయి. ఆమె చేతులు కడుక్కుని వచ్చేలోపు నీలక్క ఆ దారాలన్నీ పుటుక్కుమని తెంపేసింది.

"అయ్యో, ఏది ఎవరిదో ఇప్పుడెలా తెలుస్తుందమ్మా?"

"ముడి ఉంటే అక్కడ రంగెక్కదు, తెల్ల మచ్చ పడుతుంది. ఎవరిదో ఆ గుడ్డే చెబుతుందిలే."

నాలుగు ముక్కలు చెప్పాయి. దువ్వి పెట్టినట్టున్న పచ్చటి వరసలు, గట్ల మీద చెట్లు. అమ్మాయి చూసి ఇట్టే పోల్చుకుంది. ఐదోది ఎత్తేసరికి గుడ్డ నిండా అడవిలాంటి చేను. జనుము ఏపుగా పెరిగి పసుప్పచ్చగా పూసింది. దాని కింద నిరుటి పత్తికట్టె కుళ్ళి నేలలో కలిసిపోతోంది. నల్లటి మట్టిలో వానపాములు మెదులుతున్నాయి. మధ్యలో ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. వీపు ఇటువైపు ఉంది, ఎడమ భుజం కాస్త కిందికి దిగి ఉంది.

నీలక్క గుడ్డను మొహం దగ్గరికి లాక్కుంది. చిన్నప్పుడు గోడ మీంచి పడి విరిగిన భుజం అది. ఆ గోడ ఎక్కించింది తనే.

ఆ మనిషి గుప్పెడు మట్టి తీసి, ఇటు తిరిగి, చెయ్యి చాచాడు. పెదాలు కదిలాయి. గుడ్డకు మాటలు రావు గానీ, అక్కా అని పిలిస్తే ఏ అక్కకైనా తెలుస్తుంది.

"ఈ చేనుని కథలోంచి తీసేశారమ్మా" అంది అమ్మాయి. "పిచ్చిగడ్డి పెరిగింది, చూడ్డానికి బాగాలేదన్నారు మావాళ్ళు. అది గడ్డి కాదు, ఐదేళ్ళుగా ఆయన నేలకు పెడుతున్న తిండి అని చెప్పాను. ఫోటోలో తిండి కనిపించదు కదా. ఈయన దూది ఎవరూ కొనలేదు. ఇవాళ పదింటికి చేను ఇటుకల బట్టీకి ఇచ్చేస్తున్నాడు. మట్టంతా తవ్వి తీసుకుపోతారట."

గుడ్డ అంచు అప్పుడే నీలం తిరుగుతోంది. నీలక్క ఒక బకెట్ దగ్గరికి లాగింది. గుడ్డను మళ్ళీ తొట్టిలోకి తోసి, లోపలే చుట్ట చుట్టి, తొట్టి నీళ్ళతో సహా బకెట్లోకి ఎత్తి మూత బిగించింది. గాలి తగలనంతసేపూ ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంటుంది.

"నీ బండెక్కడుంది?" అంది అమ్మాయితో.

"మరి తొట్టి?" అంది పెద్దావిడ.

"నువ్వు చూసుకో."

ఇరవై ఏళ్ళలో ఆ మాట నీలక్క నోట రావడం అదే మొదలు. పెద్దావిడ నమ్మలేక, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

వాళ్ళు వెళ్ళేసరికి చేను కొలుస్తున్నారు. టేపు ఒక కొస బట్టీ ఆయన చేతిలో ఉంది, రెండోది తమ్ముడి చేతిలో. అక్కను చూసి తమ్ముడు తన కొస వదిలేశాడు. అది సర్రున వెళ్ళి చుట్టుకుపోయింది.

ఆరేళ్ళ తర్వాత ఎలా పలకరించాలో నీలక్కకు తెలియలేదు. మూత తీసి, గుడ్డను రెండు చేతులా విప్పి పట్టుకుంది. తమ్ముడు చూశాడు. తన చేను, తన వీపు, చాచిన తన చెయ్యి. దొంగతనం చేసి పట్టుబడ్డవాడిలా తల దించుకున్నాడు.

"రోజూ ఇలాగే పిలిచేవాడివా?"

"రోజూ కాదు. మట్టి కాస్త బాగుపడ్డట్టు అనిపించినప్పుడు."

"తప్పు నాదిరా. నలుగురిలో అంత మాట అనకూడదు."

"అప్పుడు చేను చచ్చిపోయే ఉందక్కా. నువ్వొక్కదానివే నిజం చెప్పావు. అందుకే కదా దాన్ని బతికించడం మొదలుపెట్టాను. బతికాక నీకు చూపిద్దామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదు."

నీలక్క ఏడ్చింది. రెండు చేతులూ గుడ్డను పట్టుకుని ఉన్నాయి కాబట్టి తుడుచుకోవడానికి కూడా వీల్లేదు.

ఈలోగా బట్టీ ఆయన కళ్ళజోడు సవరించుకుని గుడ్డ దగ్గరికి వంగాడు. "ఇన్ని వానపాములా?" అన్నాడు దిగులుగా. "ఇంత ఆకూ వేరూ కలిసిన మట్టి నాకు పనికిరాదు బాబూ. బట్టీలో పెడితే లోపలిదంతా కాలిపోయి ఇటుక బోలుగా వస్తుంది. గోడ కట్టినవాడు నన్ను తిడతాడు. ముందే చెప్పొద్దూ?" టేపు జేబులో వేసుకుని, ఇంకో చేను వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

కెమెరా అమ్మాయి మొదట గుడ్డనే తీయబోయింది. తెర మీద ఉత్త తడిగుడ్డ కనిపించింది. దాంతో కెమెరాను వాళ్ళ మొహాల వైపు తిప్పింది. తర్వాత కంపెనీలో ఆ వీడియో వేసినప్పుడు గడ్డి సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళిద్దరూ అలా చూస్తున్న చేను దూదే కావాలన్నారు.

అక్కడ గట్టు మీద, కెమెరా ఇంకా తిరుగుతుండగానే గుడ్డ పూర్తిగా నీలమైపోయింది. తమ్ముడు వంగి గుప్పెడు మట్టి తీసి, ఈసారి నిజంగానే అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ వేళ్ళ సందుల్లోంచి ఒక వానపాము తల ఎత్తింది. నీలక్క దాన్ని నలగకుండా నేల మీదికి దించింది.

"మట్టి కప్పరా తొందరగా" అంది. "ఎండ తగులుతోంది."