ఎవరి తరఫున

ఇనప గనుల ఊరైన కిరండూల్ రైల్వే క్వార్టర్లో, ఎప్పుడు తుడిచినా ఎర్రదుమ్ము పేరుకునే కిటికీ పక్కన కూర్చుని, ఇంద్రాణి తానెన్నడూ చూడని దేశంలో ఒక పళ్ళ డాక్టరు పన్నుల గోల విప్పుతోంది. విశాఖపట్నం కంపెనీ ఆమెకిచ్చిన ఉద్యోగమే అది. ఇంట్లో కూర్చుని అమెరికావాళ్ళ ఆదాయప్పన్ను లెక్కలు సరిచెయ్యాలి.

డాక్టరు ఉండేది ఒక రాష్ట్రం, నలుగురితో కలిసి పెట్టిన ఆసుపత్రి పక్క రాష్ట్రం. అక్కడి పన్ను భాగస్తులు ఎవరికి వారు కట్టకుండా, అందరి తరఫునా ఆసుపత్రే కట్టేసింది. "అక్కడ కట్టాను కదా, ఇక్కడ తగ్గించండి" అని ఆయన సొంత రాష్ట్రాన్ని అడిగితే, "కట్టింది ఆసుపత్రి. నువ్వెక్కడ కట్టావు?" అన్నారు. డబ్బు పోయింది ఆయన వాటాలోంచే, పేరు మాత్రం ఆసుపత్రిది.

ఇంద్రాణికి ఒళ్ళు మండింది. డాక్టరు మీద జాలితో కాదు. అచ్చం ఇదే మాట ఆమె పొద్దున్నే వంటింట్లో విన్నది.

"ఇల్లంతా ఒకటే, రెండు ఖాతాలెందుకు" అని పెళ్ళయిన కొత్తలో భర్త సునీల్‌కుమార్ ముద్దుగా అన్నాడు. అప్పటినుంచీ ఒకటో తారీకు రాగానే ఆమె జీతం అతని ఖాతాలోకి వెళ్తోంది. అక్కణ్ణుంచి శృంగవరపుకోటలో ఇల్లయింది. గృహప్రతిష్ఠ కూడికలో, అత్తగారు గంగారత్నం రాసిచ్చిన చీటీ చూసి పాస్టరుగారు "కొడుకు కష్టార్జితం" అంటూ మూడుసార్లు స్తోత్రం చెప్పించారు. మూడుసార్లూ అందరితో పాటు ఇంద్రాణి కూడా ఆమెన్ అంది.

ఇప్పుడు ఇంద్రాణి తల్లికి మోకాలి ఆపరేషన్. నెలాఖరులోగా లక్షన్నర కట్టకపోతే ఇచ్చిన తేదీ పోతుంది. పొద్దున్న ఆ మాట ఎత్తగానే గంగారత్నం విరుచుకుపడింది.

"మా ఇంటికి నువ్వు పెట్టిందేటి? కట్టిందంతా మా సునీలు. మీ అమ్మకి కూడా మావోడే పెట్టాలేటి?"

గూడ్సుబండి గార్డు డ్యూటీకి బయల్దేరుతున్న సునీల్ బూట్ల లేసులు కట్టుకోవడంలో మునిగిపోయాడు. ఆ లేసులు ఎంత పొడుగో గానీ, పది నిమిషాలు పట్టింది.

మధ్యాహ్నానికి డాక్టరుగారి రాష్ట్రం నిబంధనల్లో దారి దొరికింది. కట్టిన పన్నులో ఈయన వాటా ఇంత, ఈయన తరఫునే కట్టాం అని ఆసుపత్రి ఒక కాగితం ఇస్తే చాలు, ఒప్పుకుంటారు. ఇంద్రాణి ఆ కాగితం నమూనా రాసి పంపింది. ఆ వెంటనే ఇంకొకటి రాసుకుంది.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చిన మొగుడి ముందు పెట్టింది. 'శృంగవరపుకోట ఇంటికి నా ఖాతాలోంచి వెళ్ళిన పదకొండు లక్షల్లో ఆరు లక్షల నలభై వేలు నా భార్య ఇంద్రాణి జీతం. ఆమె తరఫున నేను పంపాను.'

"మనలో మనకి కాగితాలేంటి ఇందూ?"

"మనలో మనకి కాదండీ. అత్తయ్యకి."

ఎన్ని వందల గూడ్సు బళ్ళ కాగితాల మీద చూడకుండా సంతకం గీకాడో, ఆ మహానుభావుడు ఈ రెండు ముక్కల్నీ నాలుగుసార్లు చదువుకున్నాడు. చివరికి పెట్టాడు.

"ఇప్పుడు మీరే చదివి వినిపించండి."

గంగారత్నం పక్కూరు బాచేలి సంతలో కొన్న వెదురు కొమ్ములు తరుగుతోంది. సునీల్ గొణుగుతూ చదివాడు.

"గట్టిగా చదువు," అంది ఆవిడ.

మళ్ళీ చదివాడు. ఇవాళ ఇల్లు రెండు ముక్కలవుతుందని ఇంద్రాణి భయపడింది, అయితే అవనీ అనుకుంది కూడా.

గంగారత్నం చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"వియ్యపురాలి ఆపరేషన్‌కి రేపే కట్టీయ్," అంది కొడుకుతో.

ఇంద్రాణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గంగారత్నం ఆ కాగితం తిరిగివ్వలేదు.

"ఇలాటిది నాకూ ఒకటి రాయి సునీలూ. ఆ ఇల్లున్న స్థలం మీ నాన్న పేరు మీద కొన్నాం గానీ, పదహారేళ్ళు కాలనీ ఆడోళ్ళ జాకెట్లు కుట్టిన డబ్బు నాది. ఆయన లేడు కదా, ఆయన తరఫున నువ్వే సంతకం పెట్టు."

సునీల్ కలం తీశాడు. "ఎంతని రాయనమ్మా?"

గంగారత్నం వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టబోయి మధ్యలో ఆగిపోయింది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.