నకమాల్ గడప బయట

చేమదుంపలు తురిమీ తురిమీ చేతులు మణికట్టు దాకా దురదెక్కాయి. "కాస్త ఎక్కువే చెయ్యి లేవియా. నీ చేతి లాప్‌లాప్ తింటే కొట్టుకునేవాళ్ళు కూడా దారికొస్తారు," అన్నాడు నా భర్త కల్తాంగ్, అద్దంలో చూసుకుంటూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. పొగిడాననే అనుకుని ఉంటాడు. సంస్కరణ సంఘంలో నేనూ సభ్యురాలినేనని, ఆ సాయంత్రం తుది నిర్ణయానికి నేనూ కూర్చోవాలని, అందుకు నేనూ స్నానం చేసి బట్టలు మార్చుకోవాలని అతనికి తట్టలేదు.

కొన్ని నెలలుగా మా దీవుల దేశానికి ప్రభుత్వం ఉన్నట్టూ లేదు, లేనట్టూ లేదు. పార్లమెంటులో రెండు పక్షాలూ సరిసమానం. గోడ దూకుతారన్న భయంతో ఎవరి సభ్యుల్ని వాళ్ళు రాజధాని పోర్ట్ విలాలో చెరో హోటల్లో దాచి కాపలా పెట్టుకున్నారు. బడ్జెట్ గడిచే దారి లేదు. కాన్పుకు వెళ్ళిన ఆడవాళ్ళను ఆసుపత్రిలో దూది కూడా మీరే తెచ్చుకోండి అంటున్నారు. అందుకే వర్తక సంఘం అధ్యక్షుడైన కల్తాంగ్, ఊరి పెద్దలైన చీఫులు, పాస్టర్లు కలిసి సంస్కరణ సంఘం పెట్టారు. పార్టీ మారినవాడి సీటు పోవాలన్నారు, ఊరికే అవిశ్వాస తీర్మానాలు పెట్టకూడదన్నారు. మహిళా మండలి తరఫున నేను వెళ్ళి ఒక్కటే చేర్చాను. ఆడవాళ్ళకు కొన్ని సీట్లు విడిగా ఉంచాలి. సభలో మాకు ఒక్క మనిషి కూడా లేదు. మా దుకాణం మేడ మీద కూర్చుని మాట్లాడుకున్నన్నాళ్ళూ ఎవరూ కాదనలేదు.

చివరి సమావేశం మాత్రం నకమాల్‌లో పెట్టారు. చీఫులకు గౌరవంగా ఉంటుందట. రెండు పక్షాల దూతలు కూడా వచ్చారు. మా ఊళ్ళో నకమాల్ అంటే మగవాళ్ళు కూడి మాట్లాడుకునే, కావా తాగే చోటు, ఆడవాళ్ళు దాని గడప తొక్కరు. ఆ సంగతి తెలియనివాడు సంఘంలో ఒక్కడూ లేడు, అయినా ఎవరికీ గుర్తు రాలేదట. ఆకుల్లో చుట్టి వేడిరాళ్ళ మీద ఉడికించిన లాప్‌లాప్ పొట్లాలతో గుమ్మం దగ్గర నిలబడితే ముసలి చీఫ్ బయటికి వచ్చి నిజంగానే నొచ్చుకున్నాడు. "ఏం చేస్తాం తల్లీ, ఆచారం. నీ మాట నీ మొగుడి నోట లోపలికొస్తుందిలే."

"నేను చెప్తాగా," అన్నాడు కల్తాంగ్, నా చేతుల్లోంచి పొట్లాలు అందుకుంటూ.

వెనక వంటపాకలో కూర్చున్నాను. మార్కెట్లో కూరగాయలు అమ్మే ఎస్టెల్ రాళ్ళ మీది బూడిద ఊడుస్తూ, "చూశావా అక్కా, లాప్‌లాప్‌కి ఆచారం అడ్డం రాలేదు," అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక నాకు ఏడుపొచ్చింది. ఒకప్పుడు నన్ను బడికి పెద్ద పంతులమ్మను చేస్తామని మనుషులు ఇంటికొచ్చారు. నేను తోటలో ఉన్నాను. "తనకు ఇంటి పనితోనే సరిపోతోంది," అని కల్తాంగ్ వాళ్ళకు టీ ఇచ్చి పంపేశాడు. నేను అడిగితే అత్తగారు విసుక్కుంది, "వాడు చెప్తే నువ్వు చెప్పినట్టు కాదా?" అని. కాదని అప్పుడే అనాల్సింది. టీ కప్పులు కడిగి బోర్లించాను.

బాగా చీకటి పడ్డాక అతను ఇంటికి వచ్చాడు. కావా వేరు రసం తాగి వచ్చిన మగవాడి దగ్గర మా ఇళ్ళలో ఎవరూ గొంతెత్తరు, గిన్నె చప్పుడైనా మత్తు చెడుతుందంటారు. సగం కాపురం గుసగుసల్లోనే చేశాను.

"అందరూ ఒప్పుకున్నారు," అన్నాడు మెల్లగా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పాపం.

"మరి నాది?"

"అది ఉంటే రెండు పక్షాలూ సంతకం పెట్టేది లేదన్నాయి. వాళ్ళు ఏకమైంది ఆ ఒక్కదాని మీదే. ఈసారికి వదిలేశాం."

"నువ్వేమన్నావు?"

"సమయం చూసి అందామనుకున్నా. సమయం రాలేదు." నా చెయ్యి పట్టుకున్నాడు. "రేపు రేడియోలో ప్రకటన నువ్వే చదవాలి. మహిళా మండలి కూడా ఒప్పుకుందని నీ నోటితో చెప్తేనే దీవుల్లో జనం నమ్ముతారు."

లోపలికి అక్కర్లేని నోరు బయటికి కావలసి వచ్చింది. కోపం రావాలి, రాలేదు, బాధేసింది. ఈ పని కోసం అతను నిద్రాహారాలు మానుకుని తిరగడం నేను చూశాను. ఆ సంస్కరణలు నాకూ కావాలి. రేపు నేను కాదంటే అదే సాకుగా రెండు పక్షాలూ జారుకుంటాయి, దూది లేని ఆసుపత్రి పాపం కూడా నా మెడకే చుడతారు. అన్నీ తెలిసే ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. ఎంత మంచివాడైనా నా ఒక్క మాటను ఆ గడప దాటించలేకపోయాడే అనిపించింది.

"చదువుతాను," అన్నాను.

అతను ఊపిరి పీల్చుకున్నాడు.

"మీరు రాసినవన్నీ చదువుతాను, అన్నీ మంచివే. చివర్లో మహిళా మండలి ఒప్పుకోలేదని, మమ్మల్ని లోపలికి పిలవలేదని కూడా చెప్తాను."

కల్తాంగ్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "అరవకు లేవియా. మెల్లగా."

"అరవడం లేదు కల్తాంగ్. నా గొంతే ఇంత."