అట్టపెట్టెలో పట్టనిది

విమానంలోకి ఉచితంగా రానిచ్చే సంచి ఎంత ఉండాలో సరిగ్గా ఆ కొలతకి మా ఆయన యారెక్ అట్టతో ఒక పెట్టె చేశాడు. ఆదివారం భోజనాలయ్యాక దాన్ని హాలు మధ్యలో పెట్టి, "ఒక్కొక్కరూ సంచులు పట్రండి, తనిఖీ!" అని కేకేశాడు. నేనింకా గిన్నెలు తోముతూనే ఉన్నాను. మే సెలవులకి స్పెయిన్‌లోని అలికాంతే వెళ్దామని జనవరిలో అనుకున్నది నేను. చౌక టికెట్ల కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది, సముద్రానికి దగ్గర్లో గది వెతికింది, వచ్చే క్రిస్మస్ ముందురోజు నేను పనిచేసే క్లినిక్‌కి డ్యూటీకి వస్తానని ఒప్పుకుని సెలవు సంపాదించిందీ నేనే. "అమ్మని కూడా తీసుకెళ్దాం, పాపం, ఒక్కతీ ఏం చేస్తుంది" అని యారెక్ అన్నది ఒక్క మాట. దాంతో మళ్ళీ ఇంకో టికెట్టు, మళ్ళీ పెద్ద గది, అదీ లిఫ్టున్న బిల్డింగులో. ఊళ్ళో అందరితో మాత్రం "మావాళ్ళకి స్పెయిన్ చూపించుకొస్తున్నా" అని తనే చెప్పుకుంటున్నాడు.

ఒక్క కోరిక మాత్రం నేనెవరికీ చెప్పలేదు. సముద్రంలో ఈదాలి. పెళ్ళికి ముందు బాల్టిక్ సముద్రం చన్నీళ్ళలో, పెదాలు నీలంగా అయ్యేదాకా ఈదినదాన్ని. తరవాత ప్రతి వేసవీ ఒడ్డునే, చెప్పులకీ తువ్వాళ్ళకీ కాపలా. "నువ్విక్కడ కూచో, నేనలా మునిగొస్తా" అని యారెక్ వెళ్ళేవాడు. అతనొచ్చేసరికి పిల్లకి ఆకలో, అత్తగారికి ఎండో. నా వంతు వచ్చేది కాదు. ఈసారి, నలభయ్యారేళ్ళ వయసులో, సెకండ్‌హ్యాండ్ బట్టల కొట్లో ఒక స్విమ్‌సూట్ కొన్నాను. చెర్రీపండు రంగు. బాత్రూంలో గడియ పెట్టుకుని వేసుకు చూస్తే, బాగానే ఉన్నానే అనిపించింది. అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేసింది.

నా సంచి అట్టపెట్టెలో దూరలేదు. ఎలా దూరుతుంది? అత్తగారి మందులు, పిల్ల ఛార్జర్లు, దారిలోకి తిండి డబ్బా, యారెక్ రెండో జత బూట్లు. "నీదేముందిలే, రెండు టీషర్టులు" అంటూ ఎవరివి పట్టకపోయినా నాదాంట్లోనే కుక్కారు. యారెక్ చెయ్యి పెట్టి లాగితే బూట్లు రాలేదు, తువ్వాల్లో చుట్టి పెట్టుకున్న స్విమ్‌సూట్ వచ్చింది.

"ఇదెవరిదే?" అన్నాడు. దాన్ని స్వెటర్ మీదే గుండెలకి ఆనించుకుని, నడుం తిప్పుతూ హాల్లో అటూ ఇటూ నడిచాడు. మేం లేనప్పుడు పిల్లికి తిండి పెట్టాలిగా, తాళాల కోసం వచ్చిన మా మరిది జెనెక్ పడీపడీ నవ్వాడు. "వదినా, అసలే అక్కడివాళ్ళు టూరిస్టులంటే మండిపడుతున్నారట. నువ్వింకా రెచ్చగొట్టకమ్మా!"

అత్తగారు లుత్సీనా కేకు ముక్క తుంచుకుంటూ, "ఈ వయసులో ఎవరు చూడాలనే, ఇవోనా? నువ్వు నీళ్ళలో దిగితే సామాన్లెవరు చూస్తారు?" అంది. యారెక్ ఆ బట్టని సోఫా మీదికి విసిరి, "ఇది ఇక్కడ ఉండనీ. చూశావా, బూట్లకి చోటొచ్చింది" అన్నాడు.

నేనేం చేశానో చెప్పనా? నవ్వాను. అందరికన్నా గట్టిగా నవ్వాను. "అవునవును, నన్ను చూస్తే చేపలు పారిపోతాయి" అని నామీద నేనే ఇంకో జోకు వేసి మరీ నవ్వాను. పెళ్ళయినప్పట్నుంచీ ఇదే నా విద్య. వాళ్ళు ఒకటనేలోపు నన్ను నేనే రెండు అనేసుకుంటే నొప్పి తెలీదని. ఎందుకు తెలీదు? చెవులు కాలిపోయాయి. ఛీ, ఏం మనిషినే నేను అనుకుంటూ, దాన్ని సోఫా మీంచి తీసి ఏప్రన్ కింద పెట్టుకుని, దొంగసొత్తులా పట్టుకుపోయాను.

దారిలో పిల్ల గది. హాల్లో జరిగిందంతా మా పదమూడేళ్ళ అన్యేలా గుమ్మంలోంచి చూసినట్టుంది. ఇప్పుడు మంచం మీద తన సంచి విప్పి, నీలం స్విమ్‌సూట్ తీసి బీరువాలో పెట్టేస్తోంది.

"అదెందుకే తీస్తున్నావు?"

"నేను దిగన్లే అమ్మా." నా వైపు చూడలేదు. "నీతోపాటు ఒడ్డునే కూచుంటా. సామాన్లు చూసుకోవచ్చు."

"ఈతంటే ప్రాణం కదే నీకు?"

"నా తొడలు లావుగా ఉన్నాయి." అని నవ్వింది, గట్టిగా. "నన్ను చూసినా చేపలు పారిపోతాయి."

వాళ్ళ నవ్వు నాకు తగిలింది, పోనీ. నా నవ్వు వెళ్ళి పిల్లకి తగిలింది. ఇంతసేపూ పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. "అలా అనకూడదమ్మా" అని నీతులు చెప్పే మొహం నాకెక్కడిది? ఇందాక ఆ మాట అన్నది నేనే కదా.

తలుపు మూసి, అక్కడే బట్టలు మార్చుకున్నాను. పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. పిక్కల మీద ఉబ్బిన నరాలతో, లావెక్కిన నడుంతో, ఆ చెర్రీరంగు స్విమ్‌సూట్‌లో హాల్లోకి నడిచాను. సిగ్గు పోయిందనుకునేరు, పోలేదు. సిగ్గుతోనే వెళ్ళి అట్టపెట్టె పక్కన నిలబడ్డాను. జెనెక్ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అత్తగారు "యేసూ, మరియమ్మా!" అంది. నవ్వబోయిన యారెక్, నా వెనకాలే వచ్చిన పిల్లని చూసి ఆగాడు. నా సంచిలోంచి బూట్లు తీసి అతని చేతిలో పెట్టాను.

"నవ్వుకునేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోండి" అన్నాను. "అక్కడ ఒడ్డున కూచుని మీరు ఎంత నవ్వినా నీళ్ళలో ఉన్న మాకు వినబడదు."