పండుగప్ప తలకాయ కోసం పరుగు

లంజిపల్లిలో సన్యాసిరావు ఇంట పండుగప్ప చేప పులుసు కాస్తే, తలకాయ మాత్రం చికిటి నుంచి వచ్చే అక్క మొగుడు భీమేశ్వరరావు కంచంలోకే పోతుంది. ఇంటల్లుడికి తల పెట్టడం తాతలనాటి ఆనవాయితీ. సన్యాసిరావుకి వాసనే ప్రాప్తం. గోపాల్‌పూర్‌లో పెద్దవాళ్లకి పరుగు పందెం పెట్టారని తెలిసి, తనూ బావా ఇద్దరిలో ఎవరు ముందొస్తే తల వాళ్లదని పెళ్లాం ఈశ్వరిని ఒప్పించాడు. పేర్లు కూడా ఆవిడ ఫోన్లోంచే ఇప్పించాడు.

అంతా అయ్యాక గాని తన పొట్ట సంగతి గుర్తురాలేదు. బావ పొలం గట్ల మీద తిరిగే మనిషి. తనేమో వీధి చివర పాన్‌షాపుకి కూడా స్కూటరు తీసే రకం.

పందెం వాళ్లిచ్చిన నంబరు గుడ్డ వెనక చిన్న చిప్పు అతికించి ఉంది. ముగింపు దగ్గర పరిచిన రబ్బరు చాప దాటగానే అది కీచుమంటుంది, తెర మీద పేరు పడుతుంది. మనిషి మొహంతో దానికి పనిలేదు. ఆ ముక్క వినగానే, బళ్లో ఏనాడూ కదలని సన్యాసిరావు బుర్ర చురుగ్గా కదిలింది. బావ తన గుడ్డ బల్ల మీద పెట్టి టీకి వెళ్లగానే రెండు చిప్పులూ పీకి మార్చేశాడు. ఇక పరిగెత్తేది బావ, పేరు తనది. తను హాయిగా సముద్రం గాలి పీల్చుకుంటూ నడవొచ్చు.

సగం దూరంలో బావ సరుగుడు చెట్టు కింద పిక్క పట్టుకుని కూలబడి కనిపించాడు. ఇంకొకడైతే పండగ చేసుకుని దాటిపోయేవాడు. సన్యాసిరావుకి మాత్రం అక్కడ కూలబడింది తన పేరే అనిపించింది.

"లెగు బావా, ఎల్లు. నీకు దండం పెడతాను, నాకంటే ముందెల్లు," అంటూ పిక్క పిసికాడు, నీళ్లు తాగించాడు, వీపు మీద చెయ్యేసి తోసుకుంటూ రొప్పుతూ పరిగెత్తాడు.

భీమేశ్వరరావు కళ్లు చెమర్చాయి. పెళ్లయిన నాటి నుంచి తన చెప్పులు దాచి, టీలో ఉప్పేసిన బావమరిది ఇతనేనా అనిపించింది. చాప ముందుకొచ్చాక ఆగిపోయి, సన్యాసిరావు భుజాలు పట్టుకున్నాడు.

"ఎన్నాళ్లని నేనే తింతాన్రా ఆ తలకాయ? ఈసారి నీదే," అని బలంకొద్దీ ముందుకి నెట్టాడు.

కీచుమంది. తెర మీద భీమేశ్వరరావు పేరు పడింది. దాని కింద సన్యాసిరావు.

ఇంటికొచ్చి బావ నిజమే చెప్పాడు, ముందు దాటింది సన్యాసేనని. పందెం వాళ్లు పంపిన ఫలితం అప్పటికే ఈశ్వరి ఫోన్లో ఉంది.

"నువ్వెప్పుడూ ఇంతే అన్నయ్యా, నీ మంచితనంతో ఈయన్ని ఎనకేసుకొస్తావు. మిషనుకి మొగమాటమేటుంటాది?" అని తలకాయ తీసి భీమేశ్వరరావు కంచంలో వేసింది.

సన్యాసిరావు నోరు తెరిచాడు. మాట్లాడితే చిప్పుల సంగతి చెప్పాలి. తెరిచిన నోట్లో తోకముక్క పెట్టుకుని, ముళ్లు ఏరుకుంటూ కూర్చున్నాడు.