గోరంత తీగ

మా మేనేజరుకు ‘ఏం పర్లేదు సార్’ అని పేరు పెట్టింది నేనే. పదకొండేళ్ళుగా ఆ మాట వింటున్నాను. మోటారు బెల్టు తెగితే ఏం పర్లేదు, పైకప్పు కారితే ఏం పర్లేదు. రేపు ఆయన భార్య పెట్టె సర్దుకుని పుట్టింటికి బయలుదేరినా, గుమ్మంలో నిలబడి ఇదే మాట అంటాడని నా గట్టి నమ్మకం.

ఆ మధ్యాహ్నం కూడా అదే అన్నాడు. నేను టేబుల్ మీద నల్లగుడ్డ పరిచి, జల్లెడలోంచి తీసిన చిరిగిన తీగల జాలీని, తెగిన తీగ ముక్కల్ని పట్టకారుతో పేర్చి చూపిస్తుంటే, కనీసం తల వంచి చూడలేదు.

“ఏం పర్లేదు. కొత్త జాలీ బిగించేయండి.”

“బిగించడం కాదు సార్, ఇటు చూడండి. ఇదీ చిరుగు. ఇవీ దొరికిన ముక్కలు. అన్నీ అతికించినా ఇంకా ఇంత ఖాళీ మిగిలింది.” నా చిటికెనవేలి గోరు చూపించాను. “ఇంత తీగ ఎక్కడికి పోయినట్టు?”

“కిందెక్కడో పడుంటుంది.”

“ఈ జల్లెడ కింద ఉన్నవి సంచులు సార్!”

మాది చంటిపిల్లల పాలపొడి తయారయ్యే ఫ్యాక్టరీ. జల్లెడ గదీ, దాని పక్కన ప్యాకింగూ నా చేతికింద ఉంటాయి. పై అంతస్తు నుంచి లావుపాటి గొట్టంలో పొడి దిగుతుంది. నడుము ఎత్తున ఉన్న గుండ్రటి జల్లెడ రోజంతా గడగడా వణుకుతూ దాన్ని జల్లిస్తుంది. ఉండలు కట్టినదంతా పక్క గొట్టంలోంచి డ్రమ్ములోకి పోతుంది. సన్నటి పొడి అయస్కాంతపు కడ్డీల మధ్యనుంచి జారి రెండు కిలోల సంచుల్లో పడుతుంది. మూతి కుట్టిన సంచులు బెల్టు మీద మెటల్ డిటెక్టర్ గుండా వెళ్తాయి. లోపల లోహమేదైనా ఉంటే గంట మోగుతుంది, పక్కనున్న ఇనుప చెయ్యి ఆ సంచిని బుట్టలోకి తోసేస్తుంది.

జాలీని పొద్దున ఏడింటికి ఒకసారి, మధ్యాహ్నం మిషన్ ఆపి ఇంకోసారి దీపం ముందు పెట్టి చూస్తాం. చిరిగితే తెగిన ముక్కలన్నీ ఏరి, చిరుగులో పేర్చి, అతుకు సరిపోయిందో లేదో చూడడం మా పద్ధతి. ఒక్క ముక్క తక్కువైనా ఆ పూట నింపిన సంచి గేటు దాటకూడదు. ఆ రోజు పొద్దున బాగున్న జాలీ మధ్యాహ్నానికి అంచు దగ్గర చిరిగింది. ఈ మధ్యలో నింపిన సంచులు తొమ్మిది వందల అరవై. అవన్నీ అప్పటికే లారీలో ఉన్నాయి. నాలుగింటికి లారీ బయలుదేరాలి.

“అయస్కాంతం ఉంది కదమ్మా! పట్టేసుకుని ఉంటుంది,” అన్నాడు మేనేజరు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. జాలీ ముక్క తీసుకెళ్ళి కడ్డీకి ఆనించి వదిలేశాను. అది కాస్తా కింద పడింది. “ఇది స్టెయిన్‌లెస్ స్టీలు సార్. దీన్ని అయస్కాంతం పట్టదు. ఈ ముక్క మీకు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు.”

“పోనీ డిటెక్టర్ ఉంది కదా. అన్ని సంచులూ దాంట్లోంచే వెళ్ళాయి. ఒక్కదానికీ గంట మోగలేదట. ఇంకేం కావాలి మీకు?”

 డిటెక్టర్ మీద నాకూ నమ్మకమే. దాని నాబ్ ఎనిమిది మీద ఉంటుంది, ఎనిమిది మీద అది ఆవగింజంత స్టీలును కూడా వదలదు. అయితే తీగ ఉండల డ్రమ్ములో ఉండాలి అనుకున్నాను. మెకానిక్ బాబాయిని పిలిచి, ఇద్దరం కలిసి ఆ డ్రమ్ము మొత్తం చేతిజల్లెడతో మూడుసార్లు జల్లించాం. నేల ఊడ్చి ఆ దుమ్ము కూడా జల్లించాం. నా కనుబొమ్మలు తెల్లబడ్డాయి, నడుము విరిగింది, తీగ మాత్రం దొరకలేదు.

“పోనిద్దూ అమ్మాయ్,” అన్నాడు బాబాయ్ తుమ్ముతూ.

“ఎక్కడికి పోనివ్వను బాబాయ్? ఏ పసిగుడ్డు గొంతులోకి పోనివ్వను?”

ఇక మిగిలింది ప్యాకింగ్. అక్కడ డిటెక్టర్ దగ్గర కూర్చునేది స్వయానా మా ఆడపడుచు. మూడేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటోంది, ఎనిమిది నెలలుగా ఇక్కడ టెంపరరీగా పనిచేస్తోంది. ప్యాకింగులో అందరూ దాన్ని ‘రేడియో’ అంటారు. పని చేసినంతసేపూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తూనే ఉంటుంది. ఇంట్లో కుళాయి కట్టదు, లైటు ఆర్పదు, డబ్బా మూత పెట్టదు. ఇక్కడ మాత్రం ఏం జాగ్రత్తగా ఉంటుంది అని నా అనుమానం. అందుకే దాన్ని పర్మనెంట్ చేసే కాగితం నా సొరుగులోనే ఉంది. నెలాఖరులోగా నేను సంతకం పెడితే ఉద్యోగం గట్టిపడుతుంది, లేకపోతే ఇంటికే. నెలాఖరుకు ఇంకా రెండు రోజులుంది. నేను పెట్టలేదు.

“పొద్దున కార్డు పెట్టి చూశావా?” అని అడిగాను.

“చూశాను వదినా.”

“గంట మోగిందా?”

“మోగింది.” అంది గానీ నా ముఖం చూడలేదు. ఆ పూట రేడియో నోరు కూడా మెదపడం లేదు.

డిటెక్టర్ పనిచేస్తోందో లేదో చూడడానికి మా దగ్గర రెండు ప్లాస్టిక్ కార్డులుంటాయి. ఒకదాంట్లో బఠాణీ గింజంత స్టీలు గుండు, ఇంకోదాంట్లో ఆవగింజంత. నేను పెద్ద కార్డును బెల్టు మీద పెట్టాను. గంట మోగింది. చిన్న కార్డు పెట్టాను. అది దర్జాగా అవతలికి వెళ్ళిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వెళ్ళిపోయింది.  వంగి నాబ్ చూశాను. ఎనిమిది మీద ఉండాల్సింది అయిదు మీద ఉంది.

ఆ తర్వాత నేనన్న మాటలన్నీ రాస్తే ఈ కాగితం సిగ్గుపడుతుంది. “ఎవరికి పుట్టిందీ బుద్ధి? కళ్ళున్నాయా మీకు? ఇంట్లో పిల్లలు లేరా? చెయ్యి పడిపోను, దీన్ని తిప్పిందెవరు?” అని ప్యాకింగ్ హాలంతా దద్దరిల్లేలా అరిచాను. ప్యాకింగులోని ఎనిమిది మందీ తలలు దించుకుని నిలబడ్డారు.  అది ఇంకా ఒళ్ళు మండించింది.

నా అరుపులకు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. చిన్న కార్డు ఆయన కళ్ళముందే పెట్టి చూపించాను. ఈసారి ఆయనకీ చెమటలు పట్టాయి.

“ఏం పర్లేదు. ఎనిమిదికి తిప్పండి, సంచులన్నీ దింపి మళ్ళీ పంపుదాం. కానీ ఇది తిప్పిందెవరో సాయంత్రంలోగా నాకు పేరు రాసివ్వండి. ఆ మనిషి రేపట్నుంచి గేటు లోపలికి రాకూడదు.”

“నా చేత్తోనే రాసిస్తాను సార్,” అన్నాను. ఎంత తృప్తిగా అన్నానో!

తొమ్మిది వందల అరవై సంచులు లారీ దిగాయి. డ్రైవరు క్యాబిన్‌లో కూర్చుని అయిదు నిమిషాలకోసారి హారన్ కొడుతూ నన్ను తిట్టుకున్నాడు. బెల్టు మీద సంచి తర్వాత సంచి వెళ్తోంది. మూడు వందలు దాటాయి, ఏమీ లేదు. ఆరు వందలు దాటాయి. “తీగా లేదు గీగా లేదు, ఈవిడకి పట్టుదల,” అని ఎవరో గొణిగారు. నాకే అనుమానం మొదలైంది, ముక్కలు సరిగ్గా పేర్చానా లేదా అని. ఆరు వందల నలభై ఒకటో సంచికి గంట మోగింది. ఇనుప చెయ్యి దాన్ని బుట్టలోకి తోసింది.

సంచి కోసి, గుప్పెడు గుప్పెడుగా జల్లించాం. చేతిజల్లెడలో ఉన్నట్టుండి సన్నగా మెరిసింది. పట్టకారుతో తీసి నల్లగుడ్డ మీద, ఆ ఖాళీలో పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఒక కొన సూదిలా ఉంది. దాన్ని చూస్తూ అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఆ సంచి ఏ ఇంటికి చేరేదో, ఏ తల్లి ఆ పొడి కలిపి బిడ్డ నోటికి అందించేదో అనుకుంటే ఏడుపొచ్చింది. అందరిముందూ ఏడ్చాను.

మిగిలిన సంచులు కూడా పంపాక, ముఖం కడుక్కుని, నోటు పుస్తకం పట్టుకుని హాల్లోకి వచ్చాను. ఇక పేరు మిగిలింది.

“చెప్పండి. చూశారుగా ఏం జరగబోయిందో? తిప్పిందెవరు?”

 మా ఆడపడుచు ఒక అడుగు ముందుకేసింది. “నేనే వదినా.”

“నాకు తెలుసు! నాకు ముందే తెలుసు!” అన్నాను. నిజానికి నాకేం తెలియదు, కానీ ఆ క్షణంలో అన్నీ తెలిసినట్టే ఉంది. “ఎప్పుడు తిప్పావు?”

“ఆ పెద్ద వాన పడ్డ రోజు. మూడు వారాలైంది.”

“ఎందుకు?”

“తడిగాలికి పొడి చెమ్మెక్కి, తీగ లేకపోయినా సంచి సంచికీ గంట మోగుతోంది. ఆ గంట ప్రాణం తోడేస్తోందని... ఒక్క అరగంట...”

రాయబోతున్న పెన్ను ఆగిపోయింది. ఆ మాటలు నావి. ‘ఈ గంట నా ప్రాణం తోడేస్తోంది, ఒక్క అరగంట తగ్గించి పెడతాను’ అని నేనే అన్నాను. తలనొప్పితో కణతలు నొక్కుకుంటూ, నా చేత్తో నాబ్‌ను అయిదుకు తిప్పాను. పక్కన మా ఆడపడుచు నిలబడి ఉంది. అరగంట తర్వాత మోటారు ఆగిపోతే అటు పరిగెత్తాను. తిరిగి ఎనిమిదికి తిప్పలేదు. ఈ మూడు వారాల్లో జాలీ ఇంకెప్పుడూ చిరగకపోవడం మా అదృష్టం.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ మర్నాడు పొద్దున ఇది నా దగ్గరికి వచ్చి, “వదినా, చిన్న కార్డుకి మోగట్లేదు” అంది. నేను కొత్త జాలీలు ఎంచుతున్నాను, లెక్క తప్పిపోయింది. “పెద్దదాంతో చూడు, నా బుర్ర తినకు” అని కసిరాను. అప్పట్నుంచి పాపం పెద్దదాంతోనే చూస్తోంది.

రెక్క పట్టుకుని దాన్ని ఖాళీ డ్రమ్ముల వెనక్కి లాక్కెళ్ళాను. “నువ్వెందుకే ఒప్పుకున్నావు? బుద్ధుందా నీకు?”

“ఇంకేం చేయను? నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే రోజంతా ఇంట్లో ఉంటావు. అన్నయ్యా నేనూ ఎక్కడికి పోవాలి?” అంది. నవ్వాలో తన్నాలో తెలియలేదు. అది ముక్కు తుడుచుకుంది. “నాదేముంది వదినా, టెంపరరీ. ఎలాగూ నువ్వు సంతకం పెట్టట్లేదుగా.”

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఎనిమిది నెలలుగా దాని అజాగ్రత్తల చిట్టా నా నాలుక చివర ఉంది. ఈ ఫ్యాక్టరీలో చిన్న కార్డు మోగడం లేదని గమనించింది అదొక్కతే. చెప్పిందీ అదొక్కతే. వినంది నేను.

“ఇక్కడే ఉండు. నోరు మూసుకుని ఉండు,” అని చెప్పి జల్లెడ గదికి వెళ్ళాను. సొరుగు తీసి, కాగితం మీద సంతకం పెట్టాను. చెయ్యి ఎంత విసురుగా ఉందంటే కింద కాగితం కూడా గీరుకుపోయింది. అది పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను.

“ఇదేంటి?” అన్నాడాయన.

“ప్యాకింగ్ అమ్మాయి పర్మనెంట్ కాగితం. ముందు మీరూ సంతకం పెట్టి ఫైల్లో పెట్టండి సార్. తర్వాత మాట్లాడతాను.”

నా వాలకం చూసి భయపడ్డాడో ఏమో, మారు మాట్లాడకుండా సంతకం చేసి ఫైల్లో పెట్టాడు. అప్పుడు నోటు పుస్తకంలోని పేజీ చింపి ఆయన ముందు పెట్టాను. అందులో నా పేరు, వాన పడ్డ తేదీ, చిన్న కార్డు సంగతి చెప్పినా నేను వినలేదన్న మాట, అన్నీ రాశాను. ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. పదకొండేళ్ళలో మొదటిసారి నాకు ఆ ‘ఏం పర్లేదు’ అనే మాట వినాలనిపించింది. నిలబడి ఎదురుచూశాను కూడా.

ఆయన అనలేదు.

“ఆ లారీని ఆపింది కూడా మీరే,” అన్నాడు ఆ కాగితం మడుస్తూ. “అందుకని గేటు బయటికి పంపను. జల్లెడ గది తాళాలు ఇక్కడ పెట్టి వెళ్ళండి. రేపట్నుంచి ప్యాకింగులో చేయండి.”

తాళాలు టేబుల్ మీద పెట్టాను. ఇంటికి వెళ్ళేదాకా మా ఆడపడుచు నన్ను తిడుతూనే ఉంది. “నిన్నెవరు నోరు తెరవమన్నారు? అంతా నేను సర్దేశాను కదా!” అని ఒకటే సణుగుడు. నాకు తిరిగి అరిచే ఓపిక లేకపోయింది.

మర్నాడు పొద్దున ఏడింటికి, టోపీ పెట్టుకుని, ప్యాకింగ్ హాల్లో బెల్టు ముందు నిలబడ్డాను. మా ఆడపడుచు నాబ్ వంక చూసింది, ఎనిమిది మీద ఉందని వేలితో తాకి మరీ చూసింది. తర్వాత జేబులోంచి కార్డులు తీసింది. పెద్దది తన దగ్గరే ఉంచుకుని, రెండోది నా చేతిలో పెట్టింది.

“చిన్నదాంతో చూడు వదినా.”

బెల్టు మీద పెట్టాను. గంట మోగింది.

“ఇంకోసారి పెట్టు,” అంది.

ఒళ్ళు మండింది. పెట్టాను.